ప్రతీకనాటకము: లోపలి శత్రువు, ఎదుటి ముఖము

మనోభావములకు రూపురేఖలు కల్పించి, వానిచేత మాటలాడించి, కథ నడిపించుట భారతదేశమున మిక్కిలి ప్రాచీనమైన సాహిత్యమార్గము. కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను చెప్పెను. భాగవత చతుర్థస్కంధములోని పురంజనోపాఖ్యానము తొమ్మిది ద్వారముల పట్టణమున కాపురముండిన ఒక రాజు కథ. ఆ పట్టణము దేహమనియు, ఆ రాజు జీవుడనియు నారదుడు ప్రాచీనబర్హికి తరువాత విప్పి చెప్పును. పాళీభాషలోని సుత్తనిపాతమున పధానసుత్తము సిద్ధార్థు నెదిర్చిన మారుని సేనలను వరుసగా పేర్కొనును. మొదటి సేన కామము, రెండవది అరతి, మూడవది ఆకలిదప్పులు, నాలుగవది తృష్ణ. సోమరితనము, భయము, సంశయము మున్నగునవి తరువాతివి.

ఈ జాబితాలో ఏనుగులు లేవు, ఖడ్గములు లేవు. ఉన్నవన్నియు మనిషి లోపలివే. కాని ఆ ఘట్టమునే అజంతా 26వ గుహ గోడపై చెక్కవలసివచ్చిన శిల్పి సంశయమును ఎట్లు చెక్కగలడు? అతడు మారుని ఏనుగుపై ఎక్కించెను, భీకరాకారముల సైన్యమును నిలిపెను, క్రింద మారుని కుమార్తెలచేత నాట్యమాడించెను. గ్రంథమున పేరు మాత్రమే చాలును. రాతిపైగాని రంగముపైగాని నిలువవలెనన్న భావమునకు ముఖము కావలెను, వేషము కావలెను. ఆ ముఖము ఎవరిది, ఆ వేషము ఎవరి ఇంటినుండి తెచ్చినది అను ప్రశ్న అక్కడనే పుట్టుచున్నది. ప్రతీకనాటకముల వేయేండ్ల చరిత్రను ఈ ఒక్క ప్రశ్న వెంట నడచి చూడవచ్చును.

1911లో హైన్‌రిఖ్ ల్యూడర్స్ అను జర్మన్ పండితుడు మధ్య ఆసియాలో లభించిన తాటియాకుల ముక్కలనుండి సంస్కృత బౌద్ధనాటకముల అవశేషములను ప్రకటించెను. వానిలో ఒకటి అశ్వఘోషుని శారిపుత్రప్రకరణము. ఆ ముక్కలలోనే గల వేఱొక నాటకమున బుద్ధి, ధృతి, కీర్తి అను స్త్రీపాత్రలు బుద్ధుని గుణములను గూర్చి సంభాషించును. పిదప బుద్ధుడే రంగమున ప్రవేశించును. ఇట్టి నాటకములు కుషాణుల కాలముననే ఉండెనని దీనివలన తెలియుచున్నది. తరువాత శతాబ్దులపాటు ఈ శాఖకు చెందిన నాటకమేదియు మనకు దక్కలేదు. కథాసాహిత్యమున మాత్రము క్రీ.శ. 906లో జైనాచార్యుడు సిద్ధర్షి రచించిన ఉపమితిభవప్రపంచకథ జీవుని సంసారయాత్రను ఆద్యంతము ప్రతీకలతో నడిపించిన మహాగ్రంథము. కనుక కృష్ణమిశ్రుడు తన నాటకమునకు పూనుకొనునాటికి ఈ త్రోవ పూర్తిగా మూసుకొనిపోయినది కాదు. కాని దానిని రాజమార్గము చేసినవాడు ఆయనయే.

ప్రబోధచంద్రోదయము పదునొకండవ శతాబ్ది ఉత్తరార్ధమున చందేల్ల రాజగు కీర్తివర్మ సభలో ప్రదర్శింపబడెను. కలచురి కర్ణుడు చందేల్ల రాజ్యమును పడగొట్టగా, గోపాలుడను వీరుడు కర్ణుని జయించి కీర్తివర్మను తిరిగి నిలిపెను. ఆ గోపాలుని కోరికపైననే శాంతరసప్రధానమగు ఈ నాటకమును ఆడుచున్నామని ప్రస్తావనలో సూత్రధారుడు చెప్పును. వివేకుడు మహామోహుని గెలిచి ప్రబోధమును ఉదయింపజేసినట్లే గోపాలుడు కర్ణుని గెలిచి కీర్తివర్మను ఉదయింపజేసెనని ఉపమానము. అనగా తెర లేవకముందే ప్రతీక రాజకీయమున అడుగు పెట్టినది. ఓడినవాడు పొరుగురాజు మాత్రమే కాడు. అతడు మోహము. గెలిచినవాడు సేనాని మాత్రమే కాడు. అతడు వివేకము. నేర్పుతో చేసిన ఈ పొగడ్తలో ఉన్న ప్రమాదమును నాటకము ముందునకు సాగినకొలది గమనింపవచ్చును.

ఆఱంకముల ఈ నాటకమునకు మూలము ఒక కుటుంబకలహము. పురుషునికి మాయవలన మనస్సు పుట్టెను. మనస్సునకు ప్రవృత్తి, నివృత్తి యని ఇద్దఱు భార్యలు. ప్రవృత్తి సంతానమునకు మహామోహుడు పెద్ద. నివృత్తి సంతానమునకు వివేకుడు పెద్ద. ఇరుపక్షములవారు ఒక్క తండ్రి బిడ్డలు. మొదటి అంకమున కాముడే రతితో ఈ సంగతి చెప్పి, ఒకే ఆస్తికై తోబుట్టువులు పోరుట కొత్త కాదని కౌరవపాండవుల నుదాహరించును. వివేకునికి ఉపనిషత్తుతో తిరిగి కలయిక జరిగినచో విద్యయు, ప్రబోధచంద్రుడును పుట్టుదురనియు, వంశము నశించుననియు ఒక భవిష్యద్వాణి కలదు. ఆ కలయికకు వివేకుని భార్యయగు మతి సంతోషముతో సమ్మతించును. మోహునిపక్షము దానిని అడ్డగింప జూచును. శత్రువును దాయాదిగా కల్పించుటలోనే కృష్ణమిశ్రుని ప్రతిభ యున్నది. బయటినుండి వచ్చి మీదపడినవానిని తఱిమివేయవచ్చును. ఒక్క ఇంట పుట్టినవానిని తఱుముట ఎట్లు?

రెండవ అంకము కాశిలో జరుగును. మహామోహుని ఆజ్ఞచే దంభుడు ముందుగా వచ్చి ఆ నగరమున మకాము వేసియున్నాడు. గౌడదేశపు రాఢాప్రాంతమునుండి అహంకారుడు వచ్చును. దంభుని శిష్యుడు వచ్చినవానిని కాళ్లు కడుగుకొని రమ్మనును. చెమటబిందువులు గాలికి తమ గురువుపై పడగలవు గనుక దూరముగా నిలువుమనును. తాను బ్రహ్మలోకమునకు పోగా బ్రహ్మ తన తొడను గోమయజలముతో శుద్ధిచేసికొని తన్ను కూర్చుండబెట్టుకొనెనని దంభుడు చెప్పుకొనును. తీరా విచారింపగా వచ్చినవాడు దంభుని తాతయే. లోభుని తండ్రి అహంకారుడు, లోభుని కొడుకు దంభుడు. ఈ హాస్యము ఎవరిపై? కృష్ణమిశ్రుడు పుట్టిన వర్గముపైననే. జందెమును, దర్భయు, మడియును గల ఇంటిలోనే దంభము ఉన్నదని ఆయన జంకులేక చూపెను. ఇచట వేషము తన ఇంటిది. కనుకనే ఆ వ్యంగ్యమునకు నేటికిని పదును తగ్గలేదు.

మూడవ అంకమున శాంతి తన తల్లియగు శ్రద్ధను వెదకుచు, చెలియగు కరుణతో కూడి వచ్చును. తల్లిని పోగొట్టుకొన్న బిడ్డ కనబడిన ప్రతి వాకిటను విచారించును. మొదట దిగంబరుడు, తరువాత బౌద్ధభిక్షువు, ఆపై సోమసిద్ధాంతియగు కాపాలికుడు ఎదురగుదురు. ప్రతివానివెంటను ఒక శ్రద్ధ ఉన్నది. కాని అది తామసియో, రాజసియో యగు పేరుమాత్రపు శ్రద్ధ. తల్లి పేరు విని ఆశపడిన శాంతి ఆ రూపము చూచి మూర్ఛిల్లును. కాపాలికుడు మద్యము చూపి మిగిలిన ఇద్దఱిని తన మతమున కలుపుకొనును. అసలైన శ్రద్ధ విష్ణుభక్తి సన్నిధి నున్నదని చివరకు తెలియును. రంగప్రయోగదృష్టితో చూచిన ఇది నాటకమున మిక్కిలి సజీవమైన అంకము. న్యాయదృష్టితో చూచిన మిక్కిలి దుర్బలమైన అంకమును ఇదియే. రెండవ అంకమున దోషమునకు పేరు పెట్టి దానికి ఒక మనిషి వేషము తొడిగిరి. ఇచట సజీవులైన మనుష్యుల మతమునకే దోషమను పేరు పెట్టిరి. ఈ రెండు పనులును చూపునకు ఒక్కటిగా తోచును గాని, నైతికముగా వీనికి నడుమ గొప్ప దూరము కలదు.

ఆ నాటి సామాజికులకు ఈ దిగంబరుడు దూరపు మనిషి కాడు. చందేల్లుల ఖజురాహోలో వైష్ణవ శైవాలయములకు చేరువనే జైనాలయములు నిలిచియున్నవి. కీర్తివర్మకు నూఱేండ్లకు మునుపే, ధంగరాజు కాలమున, పాహిలుడను జైనగృహస్థు అచటి జినాలయమునకు తోటలను దానమిచ్చి, రాజు తన్ను గౌరవించెనని శాసనమున వ్రాయించుకొనెను. అది క్రీ.శ. 954 నాటిదిగా ఎన్నబడు శాసనము. రాతిలో కలసియున్న జీవనము నాటకమున విడిపోయినది. సభలో నవ్వినవారు మఱునాడు వీధిలో ఆ దిగంబరునే కలిసికొనియుందురు.

నాలుగవ అంకమున వివేకుడు కామునిపైకి వస్తువిచారుని, క్రోధునిపైకి క్షమను, లోభునిపైకి సంతోషుని నియోగించి కాశికి దండు వెడలును. యుద్ధము రంగముపై జరుగదు. ఐదవ అంకమున శ్రద్ధ ఆ వృత్తాంతమును విష్ణుభక్తికి నివేదించును. ఈ నివేదనలో రెండు సంగతులు ఒకదాని ప్రక్క నొకటి యుండుట విశేషముగా గమనింపదగినది. ఓడిన మతములలో సౌగతులు సింధు, గాంధార, మగధ, ఆంధ్ర, వంగ, కళింగాది దేశములకు పాఱిపోయిరని శ్రద్ధ చెప్పును. ఆ దేశములు ఇంచుమించు మ్లేచ్ఛభూములని ఆమె మాట. దిగంబర కాపాలికాదులు పామరులెక్కువగా నుండు ఇతర దేశములకు చేరిరట. వారికొఱకు ఎవ్వరును కన్నీరు విడువలేదు. అటుపిమ్మట మనస్సు ప్రవేశించును. కామక్రోధాదులు చచ్చిరన్న వార్త విని ఆ తండ్రి ఏడ్చును. చచ్చినవారు దుష్టులే, కాని తన బిడ్డలే. సరస్వతి వచ్చి ఓదార్చి, వైరాగ్యమును చూపి, మెల్లగా అతనిని శాంతి త్రోవకు మఱల్చును.

నాటకమునందలి ఉత్తమసత్యము ఈ శోకమున ఉన్నది. తనలోని దోషమును చంపుకొనువాడు తనలో కొంత చంపుకొనుచున్నాడు. ఆ గెలుపులో దుఃఖము తప్పదు. దుఃఖము లేని గెలుపు సంభవించినదన్న, శత్రువును లోపల గాక బయట వెదకిరనుటకు అది గుఱుతు. ఒక్క అంకముననే కృష్ణమిశ్రుడు రెండు విధముల విజయములను చూపెను. ఒకదానికి తండ్రి ఏడ్చెను. రెండవదానికి ఏడ్చుటకు ఎవ్వరును లేరు. ఆఱవ అంకమున ఉపనిషత్తు తాను యజ్ఞవిద్య, మీమాంస, తర్కవిద్యల ఇండ్లకు పోయి ఆదరణ పొందక తిరిగిన కథ చెప్పును. పిదప ఆమెకు వివేకునితో కలయిక జరిగి, విద్య పుట్టి, ప్రబోధచంద్రుడుదయించును. తన ఇంటి పండితులే ఉపనిషత్తును గడపదాటి రానీయలేదన్న మాటలో మరల ఆ రెండవ అంకపు ధైర్యము కనబడును.

ఇట్టి పదునైన ఆయుధము ఒక్కరి చేతనే నిలువదు. పన్నెండవ శతాబ్దిలో గుజరాతున చాళుక్య అజయదేవుని కొలువులోని యశఃపాలుడు మోహరాజపరాజయమను ఐదంకముల జైననాటకమును రచించెను. హేమచంద్రుని బోధచే జైనధర్మమును చేపట్టిన కుమారపాలుడు అందు నాయకుడు, కృపాసుందరి నాయిక. వారి వివాహమునకై రాజు జూదము మొదలగు వ్యసనములను రాజ్యమునుండి వెడలగొట్టవలెను. కొడుకులు లేక చచ్చినవారి సొత్తును రాజు కైవసము చేసికొను ఆచారమును మానవలెను. కుబేరుడను వర్తకుడు సముద్రమున పోయెనని విని రాజు ఆ సొత్తు ముట్టక, దుఃఖించుచున్న ఆ ఇంటివారి నోదార్చుటకు పోయిన ఘట్టము అందు మనోహరముగా నున్నది. కృప యను పదము ఇచట నిజమైన రాజశాసనముగా మాఱినది. ఐనను హింసను సమర్థించు పాత్రలుగా కౌలుడు, కాపాలికుడు మున్నగు పరమతస్థులే నిలిచిరి. కృష్ణమిశ్రునిచే నవ్వులపాలైన మతము తన వంతు వచ్చినపుడు ఇతరులకు ఆ వేషమునే తొడిగెను.

పిదప వేదాంతదేశికులు పది అంకముల సంకల్పసూర్యోదయమున కృష్ణమిశ్రుని అద్వైతమునకు ఎదురుగా విశిష్టాద్వైతమును నిలిపిరి. చంద్రునికి ప్రతిగా సూర్యుడన్నట్లు పేరులోనే ఆ పోటీ ధ్వనించుచున్నది. పదునాఱవ శతాబ్దిలో కవికర్ణపూరుడు చైతన్యచంద్రోదయమున కలి, అధర్మము, భక్తి అను ప్రతీకల ప్రక్కనే చైతన్యుని, ఆయన సహచరులను రంగముపై నిలిపెను. ఇట్లు ఒక్కొక్క సంప్రదాయము తన ప్రబోధమును తానే ఉదయింపజేసికొనెను.

శ్రద్ధ నోట మ్లేచ్ఛప్రాయములుగా లెక్కింపబడిన దేశములలో ఆంధ్రమొకటి. నాలుగు వందల ఏండ్లకు పిదప ఆ ఆంధ్రమే ఈ నాటకమును తన భాషలోనికి తెచ్చుకొనెను. పదునైదవ శతాబ్దిలో మేనమామ మేనల్లుళ్లగు నంది మల్లయ, ఘంట సింగయలు జంటగా ప్రబోధచంద్రోదయమును తెనిగించి, ఉదయగిరి బసవభూపాలుని మంత్రియగు గంగయామాత్యునకు అంకితమిచ్చిరి. నాడు తెలుగున నాటకరచన లేదు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శాకుంతలమును కావ్యము చేసినట్లే వీరును ఈ నాటకమును కావ్యము చేసిరి. రంగముపై కంటికి కనబడు వేషము కావ్యమున వర్ణనయై చెవికి చేరును. నటుడు నవ్వించునట్లు పద్యము నవ్వింపదు. చదువరికి ఆగి ఆలోచించుటకు వ్యవధి ఉండును. ప్రతీకకు రంగము ఇచ్చిన వేడి కొంత చల్లాఱి, తత్త్వము ముందునకు వచ్చుటకు ఈ రూపపరిణామము తోడ్పడినది.

ఉత్తరదేశమునను అట్టి పరిణామమే జరిగినది. 1610లో ఓడ్ఛాకవి కేశవదాసు ఈ కథ నాధారము చేసికొని విజ్ఞానగీతను వ్రజభాషలో వ్రాసెను. పదునేడవ శతాబ్దిలోనే మార్వాడు మహారాజు జస్వంతసింహుడు దీనిని వ్రజభాషకు తెచ్చెను. దారా షికోహ్ వద్ద మున్షీగా నుండిన బన్వాలీదాసు గుల్జారే హాల్ అను పేర పారసీకమున దీనిని అనువదించెను. కాశిలో పుట్టిన వివేకుడు పారసీకము మాటలాడుట చిన్న సంగతి కాదు. మోహము, వివేకము ఏ మతమువాని మనస్సునకైనను చెందినవని అంగీకరించినప్పుడు మాత్రమే అట్టి అనువాదమునకు చదువరులుందురు.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ సంప్రదాయము హిందీసాహిత్యమున కొత్త మలుపు తిరిగెను. భారతేందు హరిశ్చంద్రుడు 1872లో పాఖండవిడంబన మను పేర ప్రబోధచంద్రోదయపు మూడవ అంకమును మాత్రమే అనువదించెను. ఎంచుకొన్నది ఆ అంకమే యగుట గమనింపదగినది. తరువాత 1880లో వెలువడిన భారతదుర్దశయందు ఆయన ప్రతీకలను దేశచరిత్రకు అన్వయించెను. ఇందు జీవుని స్థానమున భారతుడున్నాడు. వానిపై దండెత్తినవాడు భారతదుర్దైవుడు. సత్యనాశుడు వాని ఫౌజుదారు. రోగము, ఆలస్యము, మదిర, అంధకారము వాని సేన. ఆలస్యము రంగమున ఆవులించుచు మాటలాడుటయు, మదిర తన వంశగౌరవమును చెప్పుకొనుటయు చూచినచో, శత్రువు మన ఇంటిలోనే పెరిగినవాడని భారతేందు ఎంత స్పష్టముగా ఎఱుగునో తెలియును. ఒక పుస్తకాలయమున దేశోద్ధరణకై గుమిగూడిన పెద్దమనుష్యుల సభపైకి రాజద్రోహము పోలీసువేషమున వచ్చి వారిని పట్టుకొనిపోవును. చివర భారతభాగ్యుడు నిద్రించుచున్న భారతుని లేప జూచి, లేవకపోగా కటారుతో పొడుచుకొనును. ప్రబోధచంద్రోదయమున తెల్లవారినది, ఇందు తెల్లవారలేదు.

ఇంతటి ఆత్మవిమర్శగల నాటకమునను దుర్దైవునికి భారతేందు నిర్ణయించిన వేషము సగము క్రైస్తవము, సగము మహమ్మదీయము, చేత దూసిన ఖడ్గము. సేనయంతయు ఇంటిది, సేనాపతి వేషము మాత్రము పొరుగుది. సోమరితనమును, మత్తును, అజ్ఞానమును దేశపు స్వంత దోషములుగా ఒప్పుకొన్న కలమే నాయకుని అలంకరించునపుడు ఆ ఒప్పుకోలును కొంత వెనుకకు తీసికొన్నది. ప్రతీకనాటకపు పాత వ్యాధి ఇదియే. అది గొప్ప రచయితలను కూడ విడువలేదు.

ఇరువదవ శతాబ్దిలో రెండు కృతులు దీనికి చికిత్స చూపినవి. 1905లో వంగవిభజనపు ఆందోళననడుమ అవనీంద్రనాథ ఠాకూరు భారతమాత చిత్రమును గీసెను. కాషాయాంబరమును ధరించిన ఆ స్త్రీమూర్తి నాలుగు చేతులలో పుస్తకము, వరికంకులు, వస్త్రము, జపమాల యున్నవి. ఆయుధము లేదు, పాదములక్రింద శత్రువు లేడు. చదువు, కూడు, గుడ్డ, ఉపాసన అను నాలుగింటితోనే ఆ ప్రతీక పూర్ణమైనది. తరువాత ఆ మూర్తినే అనుసరించిన కొన్ని చిత్రములలో త్రిశూలమును, సింహమును వచ్చి చేరినవి. కాని మొదటి చిత్రమునకు వాని అవసరము కలుగలేదు.

1936 నాటి కామాయనిలో జయశంకర ప్రసాదుడు మనువు, శ్రద్ధ, ఇడ అను మువ్వురిని ప్రాచీనకథలోని వ్యక్తులుగను, మనస్సు, హృదయము, బుద్ధి అను వాని ప్రతీకలుగను ఒక్కసారే నడిపించెను. మూడవ అంకమున శాంతి ఏ తల్లికై వాకిలి వాకిలి తిరిగెనో ఆ శ్రద్ధయే ఇందు నాయిక. జలప్రళయమున మిగిలిన మనువు ఆమెను చేపట్టి, ఈర్ష్యచే విడిచిపోయి, సారస్వతదేశమున ఇడ సాయముతో రాజ్యమును కట్టి, తుదకు ఆమెపైననే అధికారము చెలాయింపబోవును. ప్రజలు తిరుగబడగా గాయపడి పడిపోవును. ఇందు అసురపురోహితులు ఉన్నారు గాని, అపరాధభారమును కవి వారిపై త్రోయలేదు. మహామోహుడని వేఱొకడు లేడు. మోహము నాయకునిదే, దాని ఫలమును అనుభవించువాడును అతడే. శ్రద్ధ అతనిని వెదకికొని వచ్చి, కొడుకును ఇడకు అప్పగించి, భర్తతో కైలాసమునకు పోవును. చివరకు ఇడయు, కుమారుడును, ప్రజలును అచటికే చేరుదురు. ఎవ్వరును పాఱిపోలేదు, ఎవ్వరును ఏ దూరదేశమునకును తఱుమబడలేదు.

కుషాణయుగపు తాటియాకులనుండి కామాయని వఱకు గల ఈ పరంపరను చూచినచో, ప్రతీక తనంతట మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. అది మనిషికి తన్ను తాను చూచుకొనుటకు అద్దము కాగలదు, పొరుగువానిపై విసరుటకు రాయియు కాగలదు. ఏ కృతి ఏ పని చేయుచున్నదో తెలిసికొనుటకు కృష్ణమిశ్రుడే ఒక పరీక్షను మిగిల్చిపోయెను. యుద్ధము ముగిసిన తరువాత ఓడినవానికై ఏడ్చు తండ్రి ఆ కృతిలో ఉన్నాడా అని చూడవలెను. ఉన్నచో యుద్ధము మనస్సులో జరిగినది. లేనిచో అది వీధిలో జరిగినది.